రాయికి మోగిన డిటెక్టరు

ప్రెస్సు మీది గది
సోమవారం

బావా,

నువ్వు ఒక వీధిని దొంగిలించావు.

ఈ వాక్యం దగ్గర ఆగి, కళ్ళజోడు తుడుచుకుని, "చూశావా నీ చెల్లెలి తెగింపు" అని అక్కకి చూపిస్తావని తెలుసు. చూపించు. ఆ తర్వాత మిగతాది కూడా చదువు.

వాలు వీధిలో ఇంటింటికీ మునిసిపాలిటీ వాళ్ళు నోటీసులు అంటించారట. సానత్త తన తలుపు మీది కాగితాన్ని పీకి, అప్పుడే పదును పెట్టిన కత్తెర ఎలా తెగుతోందో చూడ్డానికి దాన్నే ముక్కలు చేసి, ఆ ముక్కలు కవర్లో పెట్టి నాకు పంపింది. అతికించుకుని చదివాను. "ఆదిమానవ ఉద్యానవనం నిమిత్తం ఆక్రమణల తొలగింపు" అట. ఆక్రమణ అంటే ఎవరనుకున్నావు? నా మేనత్త! బుద్ధెరిగినప్పటి నుంచి అదే గుమ్మంలో సాన చక్రం తొక్కుతూ ఊళ్ళో దర్జీల కత్తెరలకీ, వంటింటి కత్తులకీ పదును పెట్టిన మనిషి. ఆవిడ ఆక్రమణట. నీ పెళ్ళాం ఆ ఇంట్లోనే పుట్టింది, నేనూ అక్కడే పుట్టాను. మేమూ ఆక్రమణలమే. పెళ్ళికి ముందే విచారించుకోవలసింది.

ఈ ఉద్యానవనం ఎవరి పుణ్యం? నీదే. వాటర్ వర్క్స్‌లో ఉన్నన్నాళ్ళూ మట్టిలో పూడుకుపోయిన వాల్వు మూతలు వెతికావు. రిటైరయ్యాక ఆ డిటెక్టరు లాంటిదే ఒకటి సొంతానికి కొనుక్కుని గుట్ట వాలు మీద పురావస్తువుల వేట మొదలుపెట్టావు. సంతోషించాను. ఇంట్లో కూర్చుని అక్క ప్రాణం తోడెయ్యడం కంటే నయం. నాలుగు పలకల రాళ్ళేవో దొరికాయి. వాటిని పళ్ళ బ్రష్షుతో తోమి, పేపరువాళ్ళని పిలిచి, "ఆదిమానవుడి గీకుడు రాళ్ళు, పదివేల ఏళ్ళ నాటివి" అని ఫొటో దిగావు. ఫొటోలో రాయి కంటే నీ నవ్వే పెద్దగా ఉంది. అది చూసి మునిసిపల్ ఛైర్మన్‌కి గుట్ట మీద ప్రేమ పొంగింది.

నీ పరిశోధన అంతటికీ నాది ఒక్కటే ప్రశ్న. మెటల్ డిటెక్టరు రాయికి ఎలా మోగింది?

ఫోన్ చెయ్యకు. ఫోన్లో నేను అరుస్తాను, నువ్వు పెట్టేస్తావు. ఉత్తరాన్ని పెట్టెయ్యలేవు. నేనే వచ్చి నీ చొక్కా పట్టుకుందును గానీ, ఆ ఇసుక కాంట్రాక్టరు మీద నా పత్రికలో రాసిన నాలుగు మాటలకి కోర్టు నన్ను ఊరు దాటొద్దంది. అందుకని ప్రస్తుతానికి నీ చొక్కా క్షేమం.

మరదలు

*

పంపుహౌసు వెనక ఇల్లు
శుక్రవారం

టపాకాయ్,

నీ ఉత్తరం చేరింది. పోస్ట్‌మాన్ చేతులు కాలలేదు, అదే పదివేలు.

నేను వీధిని దొంగిలించానన్నావు. దొంగిలిస్తే పెట్టుకోడానికి చోటుండాలి కదా! నా రాళ్ళు పెట్టుకుంటానంటే మీ అక్క అలమారలో ఒక్క అర ఖాళీ చెయ్యదు. అవి మంచం కింద, నా పాత బూట్లలో ఉన్నాయి.

నువ్వు పత్రికలో ఎవణ్ణయినా తిట్టే ముందు రెండు వైపులా వింటావా? వినవు. నా వైపు విను. అగ్గిపెట్టెలో సగం ఉంటుంది రాయి. నాలుగు పలకలుగా, చదునుగా, ఒక అంచు మాత్రం పలచబడి వాలుగా ఉంటుంది. ఆదిమానవుడు తోలు గీకడానికి సరిగ్గా ఇలాంటిదే వాడేవాడని పుస్తకంలో బొమ్మ ఉంది. బొమ్మ పక్కన నా రాయి పెట్టి చూస్తే అన్నదమ్ముల్లా ఉన్నాయి. నీకు ఒకటి పంపాను కదా, కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకోమని. ఆదిమానవుడి సొత్తు బల్ల మీద పెట్టుకుని నన్నే తిడుతున్నావు.

డిటెక్టరు సంగతంటావా, పక్కన తుప్పు పట్టిన మేకేదో ఉండి ఉంటుంది. భూమిలో మేకులకేం కొదవ?

అత్త గురించి నాకు బాధ లేదనుకోకు. వేరే చోట గది ఇప్పిస్తానని ఛైర్మన్ నా చెయ్యి పట్టుకుని చెప్పాడు. మంచి మనిషిలాగే ఉన్నాడు. నన్ను ఉద్యానవనం కమిటీలో వేసుకున్నాడు. మ్యూజియం హాలుకి నా పేరే పెడతారట. నవ్వకు.

వాల్వుల బావ

చెల్లీ, కవరు అంటించమని నా చేతికిచ్చారు గనక ఇక్కడ రెండు ముక్కలు రాస్తున్నాను. ఈయన గాలానికి కొత్త బరువులు పోసుకున్నారు. ఆ రాళ్ళకి బూడిద రంగు రేకులు అంటుకుని ఉంటే, వాటిని ఒలిచి నా గరిటెలో వేసి కరిగించారు. గరిటె పారేశాను. నాకు తెలియక అడుగుతున్నాను, ఆదిమానవుడు రాళ్ళకి రేకులు చుట్టేవాడా? - అక్క

*

ప్రెస్సు మీది గది
బుధవారం

బావా,

దొరికావు.

మేకట! ప్రతి రాయి పక్కనా కాపలాకి ఒక మేకు కూర్చుందా? అక్క రాసిన నాలుగు ముక్కలకి ఆమెని పురావస్తు శాఖకి డైరెక్టర్ని చెయ్యాలి.

నువ్వు పంపిన రాయి నా ప్రూఫు కాగితాల మీద పెన్సిలు గీతలాంటి మరక చేస్తోందని నెల రోజులుగా చిరాకు పడుతున్నాను. రాయి మురికనుకున్నాను. అక్క మాట చదవగానే తిప్పి చూశాను. నీ బ్రష్షు అందని పగుల్లో సన్నగా, మెత్తగా, గోటితో గీస్తే మెరిసే లోహం. ప్రెస్సులో ముసలిదాన్నవుతున్నాను బావా, పాత సీసం అక్షరాలు చేతికి అంటితే ఆ నలుపెలా ఉంటుందో నాకు ఒకరు చెప్పాలా? అది సీసం. నీ డిటెక్టరు మోగింది సీసానికి. ఆదిమానవుడికి సీసం రేకు ఎవడమ్మాడు?

రాయి పట్టుకుని ఇక్కడి మ్యూజియంలో ఆయుధాల గది చూసే ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ దాన్ని ఇలా చూసి అలా నవ్వేసింది.

"ఎవరిచ్చారండీ మీకిది?"

"మా బావ. ఆదిమానవుడిదంటున్నాడు."

"మీ బావగారికి తుపాకి ఉందా?"

"నోరు మాత్రమే ఉందండి."

ఆవిడ అద్దాల బీరువా తెరిచి పాత చెకుముకి తుపాకి ఒకటి తీసింది. దానికి గుర్రం మూతిలాంటి సుత్తి. ఆ సుత్తికి రెండు దవడలు. నా రాయిని ఆ దవడల మధ్య పెట్టి మర బిగించింది. సరిగ్గా కూర్చుంది. మీట నొక్కితే సుత్తి పడుతుంది, రాయి అంచు ఉక్కు పలకని గీరుతుంది, నిప్పురవ్వ లేస్తుంది, మందు అంటుకుంటుంది. ఉక్కు దెబ్బకి రాయి జారకుండా దాని చుట్టూ సీసం రేకో తోలు ముక్కో చుట్టేవాళ్ళట. అదీ నీ గీకుడు రాయి కథ. తుపాకి చెకుముకి రాయి. రెండు వందల ఏళ్ళు దాటితే గొప్ప. ఆదిమానవుడి దగ్గర తొమ్మిదివేల చిల్లర ఏళ్ళు కొట్టేసి రాయికి కట్టబెట్టావు.

ఇప్పుడు అసలు విషయం. సీసం చుట్టారంటే తుపాకికి బిగించారు. బిగించారంటే కాల్చారు. కాల్చారంటే ఎవరినో కాల్చారు. ఆ వాలు మీద ఎవరుంటారు? రాళ్ళు కొట్టేవాళ్ళు, మోసేవాళ్ళు. కూలి పెంచమని అడిగి ఉంటారు. తుపాకులు వచ్చి ఉంటాయి. చరిత్ర ఎప్పుడూ ఇంతే. కరపత్రం రాసేశాను: "వాలు మీద కాల్పులు". మొదటి పేజీ ప్రూఫు కూడా వచ్చింది. నువ్వు కమిటీలో లేచి నిజం చెప్పు, నేను ఆ వెంటనే కరపత్రం వదులుతాను. నెత్తురు చిందిన నేల మీద పిల్లల పార్కు కట్టడానికి ఛైర్మన్ ఎలా సాహసిస్తాడో చూద్దాం.

మరదలు

*

పంపుహౌసు వెనక ఇల్లు
మంగళవారం

టపాకాయ్,

సీసం సంగతి ఒప్పుకుంటున్నాను. రేకులు చూశాను, ఒలిచాను, కరిగించాను. ఏదో చెత్త అంటుకుందనుకున్నాను అని రాయాలని ఉంది. కానీ అనుకోలేదు. వాల్వు మూతకి మోగినట్టే మోగిందని మొదటి రోజే తెలుసు. తెలిసి కూడా ఆలోచించడం మానేశాను. పుస్తకంలో బొమ్మ అంత బాగుంది మరి.

కానీ నువ్వు ఎక్కువ మురిసిపోకు. నువ్వూ నాలాంటి పనే చేశావు.

నీ ఉత్తరం చదివి డిటెక్టరు భుజాన వేసుకుని వాలంతా తిరిగాను. కాల్పులు జరిగితే గుండ్లు ఉండాలి. గుండు కూడా సీసమే, రేకు కంటే బండగా మోగుతుంది. ఒక్కటీ లేదు. ఇళ్ళ వెనకా, బండల సందుల్లోనూ, పొదల కిందా వెతికాను. నీ తుపాకులు గాలిలోకి పేలాయా?

చివరికి సానత్త ఇంటికి వెళ్ళాను. చక్రం ఆపకుండానే పలకరించింది.

"ఏం అల్లుడూ, నా ఇల్లు కొలుచుకుపోవడానికి వచ్చావా?"

"లేదత్తా. మీ గుమ్మం పక్కన కాస్త తవ్వాలి."

"మనిషి ఉండగానే తవ్వుతావా? కాస్త ఆగకూడదూ!"

"అయ్యో, అది కాదత్తా, రాళ్ళ కోసం."

"అయితే ఆ మూల తవ్వు. వానొస్తే నీళ్ళు నిలుస్తున్నాయి. నీ ముచ్చటా తీరుతుంది, నాకు కాలవా వస్తుంది."

తవ్వాను. జానెడు లోతు దిగేసరికి పారకి మట్టి తగలడం మానేసింది. అంతా రాతి పెచ్చులే, గంపలకొద్దీ. సగం చెక్కి వదిలేసినవి, చెక్కుతుంటే అడ్డంగా విరిగినవి, ఇంక పెచ్చు రాదని పారేసిన మొద్దులు. తుపాకి పేల్చిన చోట ఇంత తుక్కు ఎందుకుంటుంది? చేసిన చోట ఉంటుంది. ఇంటికొచ్చి బూట్లలోంచి రాళ్ళన్నీ తీసి భూతద్దం పెట్టి చూశాను. సీసం అంటిన వాటి అంచులు అరిగి ఉన్నాయి, ఆ అరుగు మీద మళ్ళీ కొత్తగా చెక్కిన గాట్లు ఉన్నాయి. మరమ్మతుకి వచ్చిన రాళ్ళన్నమాట. మొద్దుబారినవి పట్టుకొస్తే పదును పెట్టి పంపేవాళ్ళు. కొత్తవి కావాలంటే చేసిచ్చేవాళ్ళు. అది సమ్మె చేసిన వీధి కాదు, షాపుల వీధి.

ఏ సైన్యం నుంచి ఆర్డర్లు వచ్చేవో గానీ, నీ ముత్తాతలు కొట్లు తెరుచుకుని తుపాకులకి నిప్పు సరఫరా చేశారమ్మా. యుద్ధాలు వద్దని నువ్వు రాసిన పుస్తకాల పక్కన ఈ రాయి పెట్టుకో. చూడముచ్చటగా ఉంటుంది.

ఒక్క విషయం వేళాకోళం కాదు. ఇదంతా కమిటీలో చెప్పాలి. చెప్పలేకపోతున్నాను. హాలు బోర్డు మీద నా పేరు రాయించేశారు, వెళ్ళి చూసుకున్నాను కూడా. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఈ ఊరికి నీళ్ళు ఎక్కడ ఆగిపోయాయో నేనే కనిపెట్టాను. ఒక్క చోట నా పేరు లేదు. మూతల మీద కూడా వాటిని పోసిన కంపెనీ పేరే ఉండేది.

వాల్వుల బావ

*

ప్రెస్సు మీది గది
సోమవారం

బావా,

కరపత్రం చింపేశాను. చింపుతున్నంతసేపూ నిన్ను తిట్టాను. గుండ్లు లేవన్న మాటకి నా దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు గొంతు పెంచడం నాకు అలవాటు. కాగితం మీద ఆ సదుపాయం లేదు, అందుకే ఈసారి అక్షరాలు లావుగా ఉన్నాయి.

నెత్తురు లేకపోతే నాకు చరిత్ర కనిపించదని ఆయుధాల గది ఆవిడ కూడా అంది. ఈ మధ్య అందరూ నాకు బుద్ధి చెప్పేవాళ్ళే.

ముత్తాతల సంగతికి వద్దాం. వాళ్ళు నా ముత్తాతలని నీకెవరు చెప్పారు? సాన చక్రానికీ ఆ రాళ్ళకీ చుట్టరికం కలిపి కళ్ళు తుడుచుకోవాలని చూస్తున్నావు. మా నాన్నమ్మ ఆ వీధికి కాపురానికి వచ్చింది, ఎక్కడి నుంచో ఎవరూ అడగలేదు. ఆ రాళ్ళు చెక్కినవాళ్ళు ఏమయ్యారో, వాళ్ళ ఇళ్ళలోకి ఎవరు దిగారో ఎవరికి తెలుసు? మధ్యలో ఎన్ని సంసారాలు వచ్చి పోయాయో!

నువ్వేం చెయ్యబోతున్నావో నాకు కనిపిస్తోంది. "రెండు వందల ఏళ్ళుగా అక్కడ జనం ఉన్నారు, కాబట్టి అత్త ఆక్రమణ కాదు" అంటావు. నేనూ రాత్రంతా అదే వాక్యం చెక్కుతూ కూర్చున్నాను. చాలా అందంగా వచ్చింది. కొట్టేశాను. ఎందుకో విను. అత్త పక్కింట్లో తాపీమేస్త్రీ కుటుంబం మొన్న మొన్నే దిగింది. అత్త పాతది కాబట్టి ఉండొచ్చంటే, మేస్త్రీ కొత్తవాడు కాబట్టి పోవాలా? ఇల్లు కావాలంటే మనిషి పాతబడాలా? నిన్న దిగినవాడికి వాన పడదా? ఎవరు ముందొచ్చారో తేల్చుకుందాం రమ్మని వాళ్ళు పిలుస్తారు, మనం రాళ్ళు పట్టుకుని పరిగెడతాం. అక్కడే ఓడిపోతాం. గెలిచినా ఓడిపోతాం.

అందుకని పని పంచుకుందాం. రాయి గురించి తప్పు చెప్పింది నువ్వు, రాయి గురించి ఒప్పు కూడా నువ్వే చెప్పు. అంతవరకే. ఇంటి సంగతి నేను చూసుకుంటాను.

పేరు గురించి రాసింది రెండుసార్లు చదివాను. నవ్వలేదు బావా. పేరు కావాలంటే నా పత్రికలో మొదటి పేజీలో వేస్తాను. చదివేవాళ్ళు తక్కువే గానీ, చదివినవాళ్ళు గుర్తు పెట్టుకుంటారు. సగంమంది కేసులు కూడా పెడతారు.

మరదలు

*

పంపుహౌసు వెనక ఇల్లు
గురువారం

టపాకాయ్,

చెప్పేశాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, మీ అక్క పక్కన కూర్చుని సరిచూస్తోంది.

మీటింగుకి మీ అక్కతో పాటు సానత్త కూడా వచ్చింది. కత్తుల సంచీతో వచ్చింది, గుమ్మం దగ్గర దాన్ని లాక్కున్నారు. లోపలికొచ్చి, "కుర్చీ వెయ్యండి బాబూ, ఆక్రమిస్తాను" అంది. గుమాస్తాలు నవ్వు ఆపుకోలేకపోయారు.

నేను లేచాను. పెచ్చులూ, మొద్దులూ, సీసం అంటిన రాళ్ళూ బల్ల మీద పరిచాను. ఇవి ఆదిమానవుడివి కావు, తుపాకి చెకుముకి రాళ్ళు, వాలు వీధిలోనే చేశారు, బాగుచేశారు, నేను పొరపాటు చెప్పాను, హాలు మీద నా పేరు తీసెయ్యండి అన్నాను. ఇంక ఉద్యానవనం పని అయిపోయిందనుకుని కూర్చున్నాను.

ఛైర్మన్ మొహం వెలిగిపోయింది.

"తుపాకులా! ఇంత మంచి వార్త ఇన్నాళ్ళూ దాచారేంటండీ? ఆదిమానవుడు ఎవరికి కావాలి, బట్టలు కూడా ఉండవు. పిల్లలకి తుపాకులంటే ప్రాణం. 'ఆయుధ ఉద్యానవనం' అని బోర్డు మార్చండి."

"మరి వీధి?" అన్నాను.

"వీధి ఎలాగూ వెళ్ళాలి కదండీ."

"రాయి మారినా వెళ్ళాలా?"

"రాయికీ వీధికీ సంబంధం ఏముంది?"

సరిగ్గా ఈ మాటే అన్నాడు. మీ అక్క కూడా విన్నది. నేను గోడ మీది ప్లాను చూశాను. ఇన్నాళ్ళూ అందులో నా హాలు ఎక్కడుందా అని మాత్రమే చూసుకున్నాను. ఈసారి పైపులు చూశాను. మెయిన్ నుంచి గుట్ట మీదికి లావుపాటి లైను గీశారు.

"ఇంత లావు పైపు ఎందుకండీ? మొక్కలకి ఇన్ని నీళ్ళు పోస్తే ఈత నేర్చుకుంటాయి."

"చూడ్డానికి వచ్చినవాళ్ళు ఎక్కడ దిగుతారండీ మరి? పైన చిన్న హోటలు అనుకున్నాం. రిజర్వాయరు కనిపిస్తుంది, గాలి బాగుంటుంది." దాచిపెట్టాలన్న ఆలోచన కూడా లేదు మనిషికి.

అప్పుడు అత్తని అడిగాడు, "అమ్మా, మీరు అక్కడ ఎప్పట్నుంచి ఉంటున్నారో రుజువేమైనా ఉందా?"

నువ్వు చెప్పినట్టే అడిగాడు. నా నాలుక చివరిదాకా వచ్చింది, రెండు వందల ఏళ్ళు అని. పళ్ళు బిగించాను.

అత్త అంది: "నువ్వు ఎప్పట్నుంచి ఉన్నావు బాబూ ఈ కుర్చీలో? పోయిన ఎన్నికల నుంచేగా? నేను లెమ్మన్నానా?"

ఆ తర్వాత మీటింగు మీటింగులా లేదు. నా పేరు కమిటీలోంచి తీసేశారు. హాలు మీది బోర్డు మాత్రం తియ్యలేదు, పెయింటరు ఊళ్ళో లేడట. ఇళ్ళు కూల్చే యంత్రాన్ని వీధి మొదట్లో తెచ్చి నిలబెట్టారు. తాపీమేస్త్రీ పెళ్ళాం దాని తొట్టిలో బట్టలు ఆరేసింది. అందరూ వంతులవారీగా దాని ముందు కూర్చుంటున్నారు. మధ్యాహ్నం వంతు నాది. మీ అక్క గొడుగు తీసింది, కానీ అది నా చేతికివ్వలేదు, తనూ వచ్చి కూర్చుంటోంది.

మా పని చేశాం. ఇంటి సంగతి నేను చూసుకుంటానన్నావు. చూడు. ఏం కావాలో ఛైర్మన్‌కి రాయి. కోపం కొంచెం తగ్గించి రాయి. వద్దులే, తగ్గించకు. వీధిలో అందరికీ చదివి వినిపించి, ఎవరేమన్నారో కలిపి, నేనే తీసుకెళ్ళి ఇస్తాను.

వాల్వుల బావ

*

వాలు వీధి
ఆదివారం

ఛైర్మన్ గారికి,

ఇది ఊరు దాటలేని ఒకామె రాసింది. వీధిలో చదివి వినిపించిన తర్వాత కొన్ని మాటలు మారాయి, కొన్ని చేరాయి. ఇప్పుడిది అందరిదీ. మాకు కావలసినవి ఇవి:

1. వాలు వీధిలో ప్రతి తలుపు మీదా అంటించిన నోటీసు వెనక్కి తీసుకోవాలి.

2. "ఆక్రమణ" అన్న మాట రాసినందుకు క్షమాపణ రాసి, అవే తలుపుల మీద అంటించాలి.

3. యంత్రాన్ని తీసుకెళ్ళాలి. దాని మీది బట్టలు మేము తీసుకుంటాము.

4. రాళ్ళని మ్యూజియంలో పెట్టండి. "తుపాకి చెకుముకి రాళ్ళు. ఈ వీధిలో చేసేవారు, బాగుచేసేవారు. చేసినవారి పేర్లు తెలియవు" అని రాయండి. ఆదిమానవ అనీ ఆయుధ అనీ బోర్డులు వద్దు.

5. గుట్ట మీదికి లావు పైపు వెయ్యగలరని ప్లానులో చూశాము. అది వాలు వీధికి వెయ్యండి. కుళాయి ఎక్కడ పెట్టాలో చూపించడానికి మా దగ్గర మనిషి ఉన్నాడు.

6. ఎప్పటి నుంచి ఉంటున్నావన్న రుజువు ఈ వీధిలో ఎవరినీ అడగకూడదు. ముసలివాళ్ళని అడగకూడదు, మొన్న దిగినవాళ్ళని అసలే అడగకూడదు.

7. జవాబు నోటితో వద్దు, కాగితం మీద ఇవ్వాలి. అది వచ్చేవరకు మేము ఇక్కడే ఉంటాము. వచ్చిన తర్వాత కూడా ఇక్కడే ఉంటాము.